కత్తికి పదును సరే.. మోకు సంగతేమిటి?

* తెగే ముందు తాడు సంకేతాలిస్తుంది
* నార మోకు లక్షణాలు వేరు, నైలాన్ మోకు లక్షణాలు వేరు
* రోజూ ఐదు నిమిషాల పరీక్ష గీత కార్మికుడికి ప్రాణరక్ష

తిరువూరు: తెల్లవారకముందే గీత కార్మికుడు తాటిచెట్టు మొదలుకు చేరుకుంటాడు. నడుముకు కత్తులు, భుజాన మోకు, చేతిలో ముంత. యాభై, అరవై అడుగుల ఎత్తున రెండు చేతులూ గెల చెక్కే పనిలో ఉన్నప్పుడు వెనక్కి వాలిన ఆ దేహాన్ని పడిపోకుండా పట్టి ఉంచేది మోకు ఒక్కటే. అది తెగితే పట్టుకోవడానికి మరో ఆధారం ఉండదు.

అయినా ఈ వృత్తిలో కత్తికి దక్కే శ్రద్ధ మోకుకు దక్కడం లేదు. కారణం లేకపోలేదు. కత్తి మొండిబారితే గెల సరిగా తెగదు, ఆ రోజే కల్లు తగ్గుతుంది. అందుకే దానిని రోజూ నూరతారు. మోకు బలహీనపడితే ఆ రోజు ఏమీ కాదు. మరునాడూ ఏమీ కాదు. వంద రోజులు మోసిన తాడు నూట ఒకటో రోజునా మోస్తుందన్న నమ్మకం పెరుగుతుంది. ఆ నమ్మకమే ప్రమాదానికి మూలం. నిజానికి తాడు చెప్పాపెట్టకుండా తెగడం అరుదు. చాలా రోజుల ముందు నుంచే అది సంకేతాలిస్తుంది. వాటిని చదవడం తెలియాలి. చదివే అలవాటు ఉండాలి.

రెండు రాష్ట్రాల నడుమ..

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన తిరువూరు, తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉంది. ఈ ప్రాంతం మామిడి తోటలకు పేరు. చేలగట్ల మీద, చెరువు కట్టల మీద తాటిచెట్లు, వాగుల వెంబడి ఈతచెట్లు కనిపిస్తాయి. గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల్లోనైనా, సరిహద్దుకు అవతల పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి వైపునైనా చెట్టెక్కే పద్ధతి ఒకటే. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి వేసుకునే మోకు ఒకటి, పాదాలకు తగిలించుకునే కాలిబంధం మరొకటి. తరాలుగా ఈ రెండింటితోనే పని సాగుతోంది.

మోకు పనిచేసేది ఇలా

మోకు మనిషిని పైనుంచి వేలాడదీయదు. అది చెట్టును, మనిషిని ఒకే వలయంలో బంధిస్తుంది. కార్మికుడు పాదాలను కాండానికి తన్నిపెట్టి వెనక్కి వాలగానే మోకు బిగుస్తుంది. ఆ బిగువుకు తాడు కాండాన్ని గట్టిగా ఒరుసుకొని నిలబడుతుంది. పైకి వెళ్లాలంటే క్షణకాలం చెట్టు వైపు వంగి, మోకును వదులు చేసి, మూరెడు పైకి జరిపి మళ్లీ వాలాలి. దిగేటప్పుడూ ఇదే వరుస.

ఇక్కడే ఒక లెక్క చూడాలి. కాండం ఎత్తు 15 మీటర్లు, ఒక్కోసారి జరిపేది 40 సెంటీమీటర్లు అనుకుంటే ఎక్కడానికి దాదాపు 40 సార్లు, దిగడానికి మరో 40 సార్లు మోకు కాండాన్ని రాసుకుంటుంది. రోజుకు పది చెట్లు, ఉదయం సాయంత్రం రెండేసి సార్లు ఎక్కితే ఆ సంఖ్య 1,600కు చేరుతుంది. వంద రోజుల్లో లక్షా అరవై వేల రాపిళ్లు. పైగా ఈ రాపిడి తాడు పొడవునా సమానంగా పడదు. కాండం వెనుక ఉండే భాగమే పదేపదే అరుగుతుంది. చేతికి దగ్గరగా, కంటికి ఎదురుగా ఉండే భాగం కొత్తగానే కనిపిస్తుంది. మోకును ముందు నుంచి చూసి బాగుందనుకోవడం ఇందుకే పొరపాటు.

రెండో విషయం, జారినప్పుడు పడే బరువు. నిలకడగా వాలి ఉన్నప్పుడు తాడుపై పడే బలం ఇంచుమించు మనిషి బరువంత ఉంటుంది. హఠాత్తుగా జారి ఆగినప్పుడు లెక్క మారిపోతుంది. 75 కిలోల మనిషి ఒక మీటరు జారాడనుకుందాం. తాడు 10 సెంటీమీటర్లు మాత్రమే సాగి అతనిని ఆపితే, ఆగే ఆ క్షణంలో తాడుపై పడే సగటు బలం 800 కిలోల బరువుకు మించుతుంది. రోజూ 75 కిలోలు మోస్తున్నది కదా అని అరిగిన తాడును నమ్మరాదు. దానికి అసలు పరీక్ష ఎదురయ్యేది కాలు జారిన రోజునే.

నార పోయి నైలాన్ వచ్చింది

పూర్వం మోకులను నారతోనూ, తోలుతోనూ చేసుకునేవారు. వాటి జబ్బులు కంటికి కనిపించేవి. నార చివికితే పీచు రాలుతుంది, తడిస్తే బూజు పడుతుంది, కుళ్లితే వాసన వేస్తుంది. తోలు ఎండితే పగుళ్లు బారుతుంది. పెద్దలు ఆ గుర్తులను పిల్లలకు నేర్పారు. చేతితో తడిమి మోకు ఆయుష్షు చెప్పగలిగే నేర్పు అలా వచ్చింది.

ఇప్పుడు చాలాచోట్ల నైలాన్, ప్లాస్టిక్ తాళ్లు వాడుకలోకి వచ్చాయి. ఇవి తేలిక, బలం ఎక్కువ, నీటికి కుళ్లవు. కుళ్లవు కాబట్టి పాడవవని అనుకోవడం సరికాదు. ఇవి పాడయ్యే తీరు వేరు. ఎండకు, వేడికి, రసాయనాలకు లోపలి నుంచి బలహీనపడతాయి. వాసన రాదు, బూజు కనిపించదు. నార మోకు గుర్తులు తెలిసిన అనుభవజ్ఞుడు కూడా నైలాన్ మోకు విషయంలో మోసపోయే అవకాశం ఉంది. తాడు మారింది కాబట్టి దానిని చూసే తీరు కూడా మారాలి.

తాడు కొనేటప్పుడే తేడా గుర్తించాలి. బజారులో తూకానికి అమ్మే రంగురంగుల తాళ్లన్నీ నైలాన్ కావు. వాటిలో పాలీప్రొపిలీన్ తాళ్లూ ఉంటాయి. కనిపెట్టడం సులువు. చిన్న ముక్కను నీళ్ల బకెట్‌లో వేసి, లోపలి గాలి పోయేలా నలిపి వదలాలి. పాలీప్రొపిలీన్ నీటిపై తేలుతుంది. నైలాన్, పాలియెస్టర్ మునుగుతాయి. తేలే తాడు గడ్డిమోపుకు, పందిరికి పనికివస్తుందేగానీ మనిషి బరువుకు వాడరాదు. తగిన రక్షణ పదార్థం కలపని పాలీప్రొపిలీన్ ఎండకు త్వరగా పెళుసుబారుతుంది. సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. నైలాన్ రకాన్ని బట్టి 215 నుంచి 260 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఒరిపిడి వల్ల పుట్టే వేడి ఎక్కువగా ఉండే పనిలో ఈ తేడా చిన్నది కాదు.

మోకుకు శత్రువులు ఏడు

రాపిడి: తాటి కాండం గరుకుగా ఉంటుంది. ఎండిన మట్టలు కోసిన చోట మొదళ్లు మొనదేలి ఉంటాయి. పచ్చి మట్ట అంచుకు రంపపు పళ్ల వంటి కరుకు ఉంటుంది. ఈతచెట్టుకు ముళ్లు సరేసరి. ఇవన్నీ తాడు పై పోగులను కొంచెం కొంచెంగా కోస్తుంటాయి.

ఇసుక, దుమ్ము: ఇది పైకి కనిపించే శత్రువు కాదు. మోకును నేలపై పడేసినప్పుడు సన్నని ఇసుక పురుల మధ్యకు చేరుతుంది. తాడు బిగిసి వదులైన ప్రతిసారీ ఆ రేణువులు లోపలి పోగులను చిన్న కత్తుల్లా కోస్తాయి. బయట నిగనిగలాడే తాడు లోపల పొడిపొడిగా మారడానికి ఒక కారణం ఇదే.

ఎండ: సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కృత్రిమ దారాలను బలహీనపరుస్తాయి. పని లేనప్పుడు కూడా మోకును చెట్టుకో, దడికో వేలాడదీసి వదిలేస్తే పనిలో ఉన్నప్పటికన్నా ఎక్కువ నష్టం జరగవచ్చు.

వేడి: తాడు తాడును వేగంగా ఒరుసుకున్నప్పుడు ఆ చోట దారాలు కరిగి గాజులా మెరిసే గట్టి మచ్చ ఏర్పడుతుంది. పైకి లేచిన నూగును అగ్గిపుల్లతో కాల్చి నున్నగా చేయడం కొందరి అలవాటు. అది తాడును బాగుచేయదు. అరుగుదల గుర్తును చెరిపివేసి, మిగిలిన దారాలనూ కాలుస్తుంది. కోసిన కొన విడిపోకుండా అంటించడం మాత్రం ఫర్వాలేదు.

రసాయనాలు: బ్యాటరీ ఆమ్లం నైలాన్‌కు అత్యంత ప్రమాదకరం. రంగు పెద్దగా మారకుండానే తాడు బలం హరించుకుపోవచ్చు. ఎరువులు, పురుగుమందులు, బ్లీచింగ్ పొడి, పెట్రోలు వంటివి సోకిన తాడును నమ్మడానికి వీల్లేదు. నీరా కోసం ముంతల్లో పూసే సున్నం తోలు పట్టీలకు, పాలియెస్టర్ తాళ్లకు మంచిది కాదు. ఒలికిన కల్లు తాడుపై జిగటగా ఎండి దుమ్మును పట్టి ఉంచుతుంది. ఆ తీపికి చీమలు, ఎలుకలు చేరతాయి.

ముడి: ముడి వేసిన చోట తాడు పదునుగా వంగుతుంది. ముడి రకాన్ని బట్టి బలం 20 నుంచి 50 శాతం వరకు తగ్గవచ్చు. ఒకే చోట నెలల తరబడి ముడి ఉంచితే ఆ వంపు లోపల జరుగుతున్న అరుగుదల కంటికి ఆనదు. తెగిన మోకును మధ్యలో ముడివేసి మళ్లీ వాడటం ప్రాణాంతకం.

కత్తి: గీత కత్తి పదును తెలియనిది కాదు. వదులుగా ఉన్న తాడుకు కత్తి తగిలితే గాటు పడుతుంది. బరువుతో బిగిసిన తాడుకు తగిలితే క్షణంలో తెగుతుంది. కత్తిని పొదిలో కాకుండా మోకు పక్కన దోపుకోవడం మానుకోవాలి.

పరీక్షించడం ఎలా?

ఇందుకు యంత్రాలు అవసరం లేదు. వెలుతురు, రెండు చేతులు, కాస్త ఓపిక ఉంటే చాలు. ముందుగా రోజువారీ పరీక్ష. చీకట్లో బయలుదేరేవారు ముందురోజు సాయంత్రం పని ముగిశాక ఇంటి వద్ద వెలుతురులో చూసుకోవడం మేలు. మోకును ఒక కొన నుంచి మరో కొన వరకు జానెడు జానెడుగా వేళ్ల మధ్య తిప్పుతూ జరపాలి. ఒక చేయి చూడటానికి, ఒక చేయి తడమడానికి. కన్ను పట్టుకోలేని లోపాన్ని వేళ్లు పట్టుకుంటాయి. తాడు ఒకచోట సన్నబడిందా, ఉబ్బిందా, మెత్తబడిందా, కర్రలా బిగుసుకుందా అన్నవి చేతికే ముందు తెలుస్తాయి.

తర్వాత మూడు పురుల తాడైతే వారానికోసారి పురులు విప్పి చూడాలి. తాడును రెండు చేతులతో పట్టుకొని పేనిన దిశకు ఎదురుగా తిప్పితే పురులు విడివడి లోపలి భాగం కనిపిస్తుంది. లోపల శుభ్రంగా, దారాలు పొడవుగా ఉంటే మంచిది. తెల్లని పొడి, తెగిన పొట్టి పోగులు, ఇసుక, నల్లని మరకలు కనిపిస్తే తాడు లోపలి నుంచి అరుగుతున్నట్లు లెక్క. కాండం వెనుక ఉండే భాగంలో కనీసం నాలుగైదు చోట్ల ఇలా చూడాలి.

కొత్తరకం తాళ్లలో లోపల దారాల గుండె, దానిపై అల్లిన తొడుగు ఉంటాయి. వీటి పురులు విప్పడం కుదరదు. తాడును చిన్న ఉచ్చులా వంచుతూ పొడవునా జరపాలి. ఆరోగ్యంగా ఉన్న తాడు గుండ్రంగా వంగుతుంది. ఎక్కడైనా కాగితంలా మడతపడితే లోపలి గుండె దెబ్బతిన్నట్లు అనుమానించాలి. తొడుగు చిరిగి లోపలి తెల్లని దారాలు బయటపడితే ఆలోచించనక్కర లేదు, ఆ తాడును పక్కన పెట్టాల్సిందే.

ముడులను వారానికోసారి పూర్తిగా విప్పి, ముడి దాచిన భాగాన్ని చూసి, వీలైతే కొంచెం జరిపి మళ్లీ వేయాలి. దీనివల్ల అరుగుదల ఒకేచోట పడదు. కాలిబంధాన్ని, నడుము పట్టీని, వాటి కుట్లను, ఇనుప కొక్కేలు ఉంటే వాటి తుప్పును కూడా ఇదే సమయంలో చూడాలి. మోకు గట్టిదై కాలిబంధం తెగినా ఫలితం ఒకటే.

చివరగా నేలపై పరీక్ష. చెట్టు మొదట్లో, నేలకు రెండడుగుల ఎత్తులోనే మోకు వేసుకొని పూర్తి బరువుతో వెనక్కి వాలి చూడాలి. ముడి జారుతోందా, పట్టీ సర్దుకుందా అన్నది ఇక్కడే తేలుతుంది. అయితే ఇది ముడికి పరీక్షేగానీ తాడు బలానికి పరీక్ష కాదు. నేలపై మోసింది కదా అని అరిగిన తాడుతో పైకి వెళ్లరాదు.

కడగడం, ఆరబెట్టడం, దాచడం

మురికిపట్టిన మోకును మామూలు చన్నీటిలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది కడగాలి. జిగట వదలకపోతే కొద్దిగా ఒంటి సబ్బు వాడవచ్చు. బట్టలసోడా, బ్లీచింగ్, ఘాటైన డిటర్జెంట్లు వద్దు. సబ్బు పూర్తిగా పోయేలా రెండు మూడు నీళ్లు మార్చాలి. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పడేయడం, పొయ్యి పక్కన పెట్టడం తగదు.

తడిసిన నైలాన్ తాడు తన బలంలో 10 నుంచి 15 శాతం వరకు కోల్పోతుంది, ఆరాక తిరిగి పుంజుకుంటుంది. అంటే వానలో తడిసిన మోకు అప్పటికి బలహీనంగా ఉన్నట్లే. తడి కాండం జారుడు కూడా తోడవుతుంది కాబట్టి వాన వెలిసిన వెంటనే చెట్టెక్కడం రెండింతల ప్రమాదం.

కల్లు కాలం ముగిశాక మోకును ఎక్కడ దాచారన్నది ముఖ్యం. చాలా ఇళ్లలో యూరియా బస్తాలు, పురుగుమందు డబ్బాలు, పాత బ్యాటరీ, కిరోసిన్ డబ్బా, తాళ్లు అన్నీ ఒకే మూలన చేరుతుంటాయి. మోకుకు ఇంతకన్నా చెడ్డ చోటు లేదు. కడిగి ఆరబెట్టిన మోకును వదులుగా చుట్టి, గుడ్డ సంచిలో వేసి, ఎలుకలు అందుకోని విధంగా గాలి తగిలే చోట మేకుకు తగిలించాలి. మళ్లీ కాలం మొదలైనప్పుడు నేరుగా భుజాన వేసుకోకుండా, కొత్త తాడు కొన్నంత శ్రద్ధగా ఆమూలాగ్రం పరీక్షించాలి.

ఎప్పుడు మార్చాలి?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మోకుకు సెలవు చెప్పాలి.

* ఏదైనా పురిలో గాటు పడినా, పోగులు గుత్తిగా తెగినా
* తాడు ఒకచోట స్పష్టంగా సన్నబడినా, ఉబ్బినా
* పురుల మధ్య తెల్లని పొడి రాలుతున్నా
* కరిగి గాజులా మెరిసే గట్టి మచ్చలున్నా
* ఎండకు రంగు వెలిసి, గోటితో గీకితే పై దారాలు పొడిగా రాలుతున్నా
* ఆమ్లం, ఎరువు, పురుగుమందు సోకిందన్న అనుమానం ఉన్నా
* ఒక్కసారైనా జారిన మనిషిని గట్టి కుదుపుతో ఆపినా

చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రాణం కాపాడిన మోకు అని దానిని మరింత నమ్మకంగా వాడతారు. నిజానికి ఆ కుదుపుతో దాని శక్తి చాలావరకు ఖర్చయి ఉండవచ్చు. దానికి కృతజ్ఞత చెప్పి పక్కన పెట్టడమే సముచితం.

ఎంతకాలం వాడవచ్చన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. భద్రతా తాళ్ల తయారీ సంస్థలు సాధారణంగా ఎంత బాగా ఉన్నా పదేళ్లకు మించి వాడవద్దంటాయి. నిత్యం గరుకు పనిలో ఉన్న తాడు ఏడాది కూడా నిలవకపోవచ్చు. కాలం కన్నా కనిపించే గుర్తులే ప్రధానం. ఎటూ తేలనప్పుడు మార్చడమే మేలు.

తీసేసిన మోకును అలాగే మూల పడేయరాదు. తొందరలో ఎవరో ఒకరు మళ్లీ నడుముకు కట్టుకుంటారు. మనిషి చుట్టూ చాలనంత చిన్న ముక్కలుగా కోసేయాలి. ఆ ముక్కలు పశువుల పలుపుకు పనికివస్తే వాడుకోవచ్చు.

గట్టి మోకు ఒక్కటే చాలదు

మోకు ఎంత గట్టిదైనా దానికొక సహజమైన పరిమితి ఉంది. కాలు జారినప్పుడు మనిషి చెట్టు వైపు ఒరుగుతాడు. మోకు వదులవుతుంది. వదులైన మోకు కాండాన్ని పట్టదు, మనిషితోపాటే కిందికి జారిపోతుంది. తాడు తెగకుండానే ప్రాణాలు పోయే ప్రమాదం ఉన్నది ఇందువల్లనే.

ఈ లోపాన్ని సరిదిద్దే ఉద్దేశంతో సరిహద్దుకు అవతల తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట భద్రతా కిట్ల పంపిణీని ప్రారంభించింది. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వీటిని గీత కార్మికులకు అందజేశారు. కాటమయ్య తెలంగాణలో గీత కార్మికులు కొలిచే దైవం. పర్వతారోహకులు వాడే పద్ధతిలో తాళ్లు, పట్టీలు, కొక్కేలతో వీటిని రూపొందించారు. కాలు జారినా మనిషి కిందికి పడిపోకుండా చెట్టుకే ఆగిపోయేలా చూడటం వీటి లక్ష్యం.

కొబ్బరి విషయంలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కొబ్బరి చెట్ల నేస్తాల పేరిట శిక్షణ కార్యక్రమం ప్రారంభించి, యువతకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పింది.

అయితే కిట్ వచ్చిందంటే పరీక్షించే పని తప్పిందని కాదు, పెరిగిందని అర్థం. మోకులో చూడాల్సింది ఒక తాడే. కిట్‌లో తాడుతోపాటు పట్టీలు, కుట్లు, కొక్కేల తాళాలు అన్నీ చూడాలి. ఏ ఒక్క చోట లోపమున్నా మొత్తం కవచం వృథా.

పరికరాలు కొనేవారు ప్రమాణాల ముద్ర గమనించాలి. శరీరానికి వేసుకునే భద్రతా పట్టీలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3521. ఎత్తులో పనిచేసేవారి తాళ్లకు ఐరోపాలో ఈఎన్ 1891 ప్రమాణం ఉంది. దాని ప్రకారం 'ఎ' రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,240 కిలోల బరువు తట్టుకోవాలి. కొనలకు ముడులు వేశాక 15 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 1,530 కిలోలను మూడు నిమిషాలపాటు ఆపాలి. ముడితో బలం తగ్గుతుందన్న సంగతిని ప్రమాణమే ఒప్పుకొని లెక్కలో వేసుకోవడం గమనార్హం. మనిషి బరువు 75 కిలోలైతే ఇంత బలమెందుకన్న సందేహానికి జారినప్పుడు పడే కుదుపే సమాధానం.

మరొక జాగ్రత్త. పట్టీల్లో చిక్కుకొని స్పృహ తప్పి చెట్టుకు వేలాడుతున్న మనిషిని ఎక్కువసేపు అలాగే ఉంచితే రక్తప్రసరణ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. నిమిషాల్లోనే దించాలి. అందువల్ల చెట్టెక్కేటప్పుడు పిలిస్తే పలికే దూరంలో మరొకరు ఉండటం, కిందికి దించే ఉపాయం తెలిసి ఉండటం అవసరం. వెంటనే 108కు సమాచారమివ్వాలి.

మామిడి తోటల్లోనూ ఇదే మాట

తిరువూరు ప్రాంతంలో తాడుతో చెట్టెక్కేది గీత కార్మికులే కాదు. మామిడి కోతలో చిక్కం అందని కొమ్మలకు కూలీలు ఎక్కుతారు. కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించేవారు, ఇళ్లపైకి వాలిన చెట్లను నరికేవారు తాళ్లు వాడతారు. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. నరికిన కొమ్మను దించడానికి వాడిన తాడునే మరుక్షణం మనిషి నడుముకు కడతారు. బరువైన కొమ్మ పడేటప్పుడు ఇచ్చే కుదుపు తాడు బలాన్ని హరిస్తుంది. మోపు తాడు వేరు, మనిషి తాడు వేరు. రెండింటికీ రెండు రంగులు పెట్టుకుంటే పొరపాటుకు తావుండదు. యంత్ర రంపం వాడేచోట తాడు రంపానికి దూరంగా ఉండాలి. కరెంటు తీగల దగ్గర తడి తాడుతో పనిచేయడం అసలే వద్దు.

సంఘాలు తలచుకుంటే..

బ్రిటన్‌లో 1998లో వచ్చిన నిబంధనల ప్రకారం మనుషులను ఎత్తడానికి, మోయడానికి వాడే పరికరాలను కనీసం ఆరు నెలలకోసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్నంగా పరీక్షించాలి. అక్కడ చెట్లెక్కి పనిచేసేవారి తాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇందులో గ్రహించాల్సిన సూత్రం ఒకటే. వాడేవాడు రోజూ చూసుకోవాలి. వాడనివాడు అప్పుడప్పుడు చూడాలి. రోజూ చూసే కంటికి మెల్లగా జరిగే అరుగుదల అలవాటైపోతుంది. బయటివాడి కంటికి అది వెంటనే తగులుతుంది.

మన ప్రాంతంలో ఇందుకు కొత్త వ్యవస్థ అక్కరలేదు. గీత కార్మికుల సహకార సంఘాలు ఉన్నాయి. కల్లు కాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి సంఘ సమావేశానికి అందరూ మోకులు తెచ్చుకొని, ఒకరి మోకును మరొకరు పరీక్షించుకుంటే చాలు. ఒక పుస్తకంలో ఎవరి మోకు, ఎప్పుడు కొన్నది, ఎప్పుడు చూసింది, ఏం కనిపించింది అన్న నాలుగు విషయాలు రాసుకోవాలి. కలిసి కొంటే మంచి తాడు తక్కువ ధరకు దొరుకుతుంది. కొత్త తాడు కొనే స్తోమత లేక అరిగిన మోకుతో నెట్టుకొచ్చే సభ్యుడు ఉంటే సంఘం నిధి నుంచి సర్దవచ్చు. ప్రమాదం జరిగాక కుటుంబానికి సాయం కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం కన్నా, ముందుగా ఒక తాడు కొనివ్వడం తేలిక.

ఇంట్లోవారికీ ఇందులో పాత్ర ఉంది. పురులు విప్పి చూడటం, పొడి రాలుతోందేమో గమనించడం చెట్టెక్కే వారికి మాత్రమే చేతనయ్యే విద్య కాదు. చదువుకునే పిల్లలకైనా, ఇల్లాలికైనా ఒక పూటలో నేర్పవచ్చు. సాయంత్రం మోకు ఇంటికి చేరగానే ఐదు నిమిషాలు వెలుతురులో చూసి, అనుమానమున్న చోట ఎర్రదారం కడితే చాలు. మరునాడు చెట్టు మొదట్లో ఆ ఎర్రదారం కనిపించినప్పుడు కార్మికుడు ఆగి చూస్తాడు.